నాలుగు వేళ్ళ నాడా

“ఏమే, గౌరి కుర్చీ సరిపోయిందా?”

“సరిపోయిందిలే. నువ్వు మాట్లాడద్దు, ఆయాసమొస్తాది.”

ఆసుపత్రిలో నేనూ మా ఆయనా చివరగా అనుకున్న మాటలు ఇవే. అందులో నా మాట అబద్ధం. మా చెల్లెలి కూతురు పద్మ రాస్తానంటే చెబుతున్నాను.

మారతహళ్ళిలో నడవలేని పిల్లలకు వ్యాయామం చేయించే ఒక కేంద్రంలో ఆయాగా చేశాను. నిరుడే మానేశాను. ఏ బిడ్డకు వాకర్ కావాలి, ఏ బిడ్డకు చక్రాల కుర్చీ కావాలి అని తేల్చేది ఫిజియో మేడమ్. చెక్క బల్ల మీద బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి పట్టుకోవడం నా పని. తుంటి వెడల్పు, తుంటి నుంచి మోకాలి వెనక గుంట దాకా, మోకాలి నుంచి మడమ దాకా మేడమ్ కొలిచి కాగితం మీద అంకెలు వేసేది.

కుర్చీలు చేసేది జిగణిలో ఒక షెడ్డు. అక్కడ వెల్డర్ మా ఆయనే. చదువు మా ఇద్దరికీ అంతంతే. అందుకని ప్రతి కొలతకూ ఒక నాడా ముక్క కత్తిరించి, కాగితంతో పాటు ఇంటికి తెచ్చేదాన్ని. తుంటికి ఎర్ర నాడా. ఆయన కాగితం జేబులో పెట్టుకుని, నాడాను ఇనుము మీద పరిచి, అటూ ఇటూ చెరో వేలు వదిలి కోసేవాడు.

గౌరికి ఆరేళ్ళు. పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి నడుము నిలవదు. తల్లి నరసమ్మది కదిరి వైపు, బ్రూక్‌ఫీల్డ్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్లలో కూలి పని. కొలతలయ్యాక మేడమ్ లోపలికి పోగానే నా చెయ్యి పట్టుకుంది.

“అక్కా, పెరిగే బిడ్డ. యూనిఫారమైనా రెండేండ్లు వచ్చేట్టు కుట్టిస్తాం కదా. రవ్వంత వదులుగా పెట్టియ్యక్కా.”

“ఇంకా నయం, నువ్వు కూడా కూర్చునేట్టు చేయమనలేదు.”

“చేస్తే కూర్చుంటానక్కా. పొద్దంతా ఇటుకలు మోసే కాళ్ళు ఇవి,” అని నవ్వింది.

నా పిల్లలకూ నేను అట్లాగే కుట్టించాను. ఎర్ర నాడాను నాలుగు వేళ్ళు ఎక్కువ పెట్టి కత్తిరించాను.

మా ఆయన దాన్ని చేత్తో సాగదీసి చూశాడు. “ఆరేండ్ల బిడ్డకు ఇంత తుంటి ఉండాదా?”

“ఉండాది. కొలిచేటప్పుడు బిడ్డను పట్టుకున్నది నేనా, నువ్వా?”

ఆయన నాడాను మడిచి, కాగితంతో పాటు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బిడ్డను కూర్చోబెట్టి మేడమ్ చూడందే ఏ కుర్చీనీ పంపకూడదన్నది నియమం. కుర్చీ వచ్చిన రోజు మేడమ్ సెలవు. నేను పక్కన దుప్పటి మడిచి దోపి పంపేశాను.

నెల తిరక్కుండా నరసమ్మ బిడ్డను ఎత్తుకుని వచ్చింది. అప్పటికి మా ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. గౌరి ఎడమకు ఒరిగిపోయింది. తుంటి ఎముక మీద పుండు. ముద్ద పెడితే పొలమారుతోంది. ఇట్లాగే కూర్చుంటే వెన్ను వంకర నిలిచిపోతుందని, అన్నం ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణానికే ముప్పని మేడమ్ చెప్పింది. తప్పెవరిదని అడిగింది. నేను నోరు తెరవలేదు. ఆ సాయంత్రమే మా ఆయన కుర్చీ గురించి అడిగాడు. తెల్లారేసరికి ఆయన లేడు.

కర్మలు ముగించి పనికి వెళితే, పాపం వెల్డర్‌కు చివర్లో చూపు ఆనలేదని షెడ్డులో అనుకుంటున్నారని తెలిసింది. ఇంటికెళ్ళి ఆయన చొక్కా జేబులోని కాగితం తెచ్చి మేడమ్ చేతిలో పెట్టాను. అంకె సరిగ్గానే ఉంది. నాడా నేనే పెంచానని అప్పుడు చెప్పాను. మేడమ్ నన్ను తిట్టలేదు. బిడ్డను మళ్ళీ కొలిచి, అదే కుర్చీని కోయించి బిగింపజేసింది. గౌరి నిటారుగా కూర్చుని అన్నం మింగింది. పుండు మానింది. వెన్ను వంకర మాత్రం కొంత మిగిలింది.

“వచ్చే ఏడాదికి ఇరుకైతేనో అక్కా?” అంది నరసమ్మ.

“మళ్ళా రా. మళ్ళా కొలుస్తాం.”

కుర్చీలో కాళ్ళ పలకను బిడ్డ పెరిగేకొద్దీ దించుకోవచ్చు. వెడల్పు మాత్రం ఈ రోజు బిడ్డకే సరిపోవాలి. బట్ట వదులైతే బిడ్డ పెరిగి నింపుతుంది. కుర్చీ వదులైతే బిడ్డ వంగి నింపుతుంది. నేను నేర్చుకున్నది ఇదే.

మా ఆయన నా మాట నమ్మకుండా, అనుమానమొచ్చిన రోజే ఆ కాగితాన్ని ఎవరితోనైనా చదివించుకుని ఉండాల్సింది. రాసింది చాలు పద్మా, మొదటి నుంచి చదివి వినిపించు. నా మాటకు ఒక్క వేలైనా ఎక్కువ కలిపి ఉంటే కొట్టెయ్యి.