పన్నెండో రోజు రొట్టె

ఆ ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు నలభైకి నలభై నేను ఉపవాసం ఉన్నానని మా సంఘంలో అందరూ అనుకున్నారు. పన్నెండో రోజు మధ్యాహ్నమే తప్పాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1974. సంగారెడ్డిలో ఒక మిషన్ ఆసుపత్రి. నర్సుగా నాకది రెండో ఏడు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలో యంత్రంలో చెయ్యి నలిగిన ప్రకాశం అనే కార్మికుణ్ణి తెచ్చారు. రక్తం చాలా పోయింది. మాకు బ్లడ్ బ్యాంక్ లేదు. బంధువుల రక్తమే ఎక్కించాలి. లక్డారం నుంచి అతని అన్న దేవదానం వచ్చాడు. అక్కడి చర్చిలో సంఘపెద్ద. క్రాస్ మ్యాచ్ చేశాం, అంటే ఇద్దరి రక్తం కలిపి ముద్దకట్టడం లేదని చూశాం. సరిపోయింది.

"ఏమన్న తిన్నరా అన్నా?" అని అడిగాను.

"ఉపాసమున్న. ఉట్టి కడుపుతోనే తీస్కో."

డాక్టరు ఒప్పుకోలేదు. తినని మనిషి రక్తమిస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. ఉపవాసం విడిచే సాయంత్రం దాకా ప్రకాశం ఆగడు.

"జెర తినుండ్రి అన్నా."

"గీని కోసం ఉపాసం ఇడువాల్నా? గీడు నాయిన ఎడ్లనమ్ముకొని పోయి తాగి తిరిగిండు సిస్టరమ్మా. నాయిన సస్తే మట్టెయ్య రాలే. నేను ఒక్క ఐతారం గుడి తప్పలే. రక్తమిస్త. ఉపాసం ఇడువ."

నిజం చెప్పాలంటే నా మనసు ఆయన వైపే మొగ్గింది. నా డైరీలో కూడా ఉపవాసానికొక టిక్కు చొప్పున పదకొండు టిక్కులున్నాయి. తాగి తిరిగినవాడి కోసం పన్నెండోది నేను మాత్రం వదులుతానా?

లోపల ప్రకాశం పెదవులు తెల్లబడుతున్నాయి.

నలుగురిలో నోరు పెగలని దాన్ని. ఆ రోజు మాత్రం వెనక్కి తగ్గకూడదనుకున్నాను. సాయంత్రానికని దాచుకున్న జొన్నరొట్టె తెచ్చి, ఆయన ముందే తుంచి నోట్లో పెట్టుకున్నాను.

"నాది గూడ ఉపాసమే అన్నా. నలభైల ఒక దినం తగ్గితే దేవునికేం పోదు. మీ తమ్ముడు తగ్గితే పోతది."

ఆయన చెయ్యి చాపి రొట్టె అందుకుని తిన్నాడు, తర్వాత రక్తమిచ్చాడు.

రక్తం సీసా ఎక్కించాక పొద్దుగూకే వేళకు ప్రకాశం నాడి నిలకడగా కొట్టుకుంది. ఇల్లు వదిలిపోయినవాడికే కాదు, ఇంట్లోనే ఉండి టిక్కులు పెట్టుకున్న మాకూ అదే కృప కావాలని ఆ సీసా పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది. ఆ రోజు డైరీలో టిక్కు పెట్టలేదు.

వెళ్లబోతూ దేవదానం కండువా కొంగు విప్పి మిగిలిన రొట్టె ముక్క నా చేతిలో పెట్టాడు.

"వాడు లేసినంక పెట్టు. నువ్విచ్చినవని చెప్పకు బిడ్డా, అన్న దాసిండని చెప్పు."