లోపలి వేళ్ళ గుర్తులు

నా చేతులు ఊరికే ఉండవు. చాప మీద కూర్చుంటే పోగులు పీకుతాను, బస్సెక్కితే దిగేలోపు టికెట్టును ఉండ చుట్టేస్తాను. కుమ్మరింటి కోడలికి ఇది మంచి లక్షణమే. కానీ నాది ఎడమచేతి వాటం. చిక్కంతా అక్కడే వచ్చింది.

కుండ గిరగిరా తిరిగే సారె మీద పుట్టినా దాని పొట్ట పెరిగేది చెక్కదెబ్బలతోనే. మా ఇంట్లో సారె మా ఆయనది, చెక్క ఆడవాళ్ళది. ఒక చేయి కుండ లోపల రాయి అదిమి పట్టుకుంటే, రెండో చేయి బయటినుంచి చెక్కతో కొడుతుంది. అందరూ కుడిచేత్తో కొడతారు, ఎడమచేయి లోపల ఉంటుంది. నాకు అది తారుమారు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు చూసి, "ఇదేం వాటమమ్మా, చూస్తుంటే నాకే చేయి తిమ్మిరెక్కుతోంది" అని నవ్వారు. నవ్వుతూనే ఒక కట్టడి పెట్టారు. నీళ్ళకుండలు, మూకుళ్ళు ఎన్నయినా కొట్టుకోవచ్చు. పెళ్ళిళ్ళకిచ్చే ఐరేని కుండలు మాత్రం ముట్టుకోకూడదు. పెళ్ళివారు మేళంతో మా గుమ్మంలోకి వచ్చి తీసుకెళ్ళే కుండలవి, ఎడమచేత్తో కొడితే శుభం కాదట. పైగా నేను కొట్టిన ప్రతి కుండనీ లోపల వేళ్ళ గుర్తులు మిగలకుండా తడిగుడ్డతో తుడవాలి. తన కుండల్ని ఆవిడ ఓసారి తుడిచి వదిలేసేవారు. నావి మాత్రం పట్టి చూసి మళ్ళీ తుడిపించేవారు. నాకు ఒళ్ళు మండేది.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు పొక్లెయిన్లతో కొట్టేసిన ఏడాది మా ఆడపడుచుకి పెళ్ళి కుదిరింది. ఆ వేసవిలోనే అత్తగారి మణికట్టు వాచిపోయింది. చెక్క పట్టుకుంటే కళ్ళమ్మట నీళ్ళు వచ్చేవి. మరి ఐరేని కుండలు ఎవరు కొట్టాలి?

"తాడేపల్లిగూడెంలో కొందాంలేమ్మా" అన్నారు మా ఆయన.

అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. కుమ్మరింటి పిల్ల పెళ్ళికి మేళం ఇంకో కుమ్మరి గుమ్మానికి వెళ్ళడమంటే తలెత్తుకోగలమా? ఎదురుగా నేను ఉన్నాను, నిక్షేపంలాంటి రెండు చేతులతో. ఒక్కరూ నా వంక చూడలేదు.

ఆ రోజుల్లోనే మా ఆయన కూల్చిన గట్టు మట్టి కోసం ట్రాలీ ఆటోలో వెళ్ళి, మట్టితోపాటు ఒక సగం కుండ తెచ్చారు. బయట ఎరుపు, లోపల నలుపు. మా పనిలో లోపల నల్లబడిందంటే కుండలు కాల్చే ఆవం సరిగ్గా కాలలేదని అర్థం. "ఎవరో చేతకానివాళ్ళు కాల్చారు, పారెయ్" అన్నారు అత్తగారు. నేను వేలితో మీటి చూశాను. బాగా కాలిన కుండలా ఖంగుమంది. పారెయ్యబుద్ధి కాలేదు.

గట్ల దగ్గర పెంకులు ఏరుకుంటూ ఏలూరు కాలేజీలో చరిత్ర చెప్పే ఒకాయన మా ఊరు వచ్చారు. మా ఇంట్లో ఆ సగం కుండ చూసి ఆయన తాగుతున్న టీ పక్కన పెట్టేశారు. "రెండు వేల ఏళ్ళ పైమాటే ఉండొచ్చండి. చెడిపోయింది కాదు, లోపల ఊకలాంటిది కూరి, మూతి కిందికి బోర్లించి కావాలనే ఇలా కాల్చేవారు" అన్నారు.

అంతే, నాకు నిలకడ పోయింది. పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా ఆ నలుపే కళ్ళల్లో ఆడేది. గూడెం బియ్యం మిల్లు నుంచి ఊక తెప్పించి, చిన్న కుండల్లో కూరి, బోర్లించి ఆవంలో పెట్టాను. కొన్ని పగిలాయి, మిగతావి బూడిదరంగుకు తిరిగాయి. "నీకేమైనా పూనిందా ఏంటి?" అని మా ఆయన విసుక్కున్నారు. పూనిందేమో మరి. ఎవరో నన్ను దాటి ముందుకెళ్ళిపోయినట్టు, నేను వెనక పరిగెడుతున్నట్టు ఉండేది.

ఒక ఉదయం బోరింగు దగ్గర ఆ సగం కుండ కడుగుతుంటే, లోపల అంటుకున్న మట్టి ఊడి వేళ్ళకు గుంటలు తగిలాయి. నాలుగు వేళ్ళవి, పక్కన బొటనవేలిది. ఆ కొట్టిన మనిషి లోపల తుడవలేదు. నా కుడిచేయి పెట్టాను. సరిగ్గా కూర్చుంది. లోపల ఉన్నది కుడిచేయి! అంటే చెక్క పట్టింది ఎడమచేయి. నాకు ఏడుపొచ్చింది. తడిచేతులతోనే అత్తగారి దగ్గరికి పరిగెత్తాను.

"మీ చేయి పెట్టి చూడండి అత్తయ్యగారూ."

ఆవిడ అలవాటుగా ఎడమచేయి పెట్టారు. బొటనవేలి గుంటలో చిటికెనవేలు పడింది. తిప్పి పెట్టారు, కుదరలేదు. నేను నా కుడిచేయి పెట్టి చూపించాను. ఆవిడ ఆ గుంటల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమారు.

"ఈ కుండ కొట్టినావిడకి తుడిపించే అత్తగారు లేరేంటమ్మా?" అన్నారు.

"ఉండే ఉంటారండి" అన్నాను. "ఆవిడకీ మణికట్టు వాచి ఉంటుంది."

అనేశాక నాకే భయం వేసింది. అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మా ఆయన సారె మీద దింపిన ఐరేని కుండలు కాస్త ఆరాక, అత్తగారు వాటిని నా ముందు వరసగా పెట్టించి, తన చెక్క నా ఒళ్ళో పడేశారు. "మెడ దగ్గర పల్చబడకుండా చూసుకో" అన్నారు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు కూడా. ఒక్క క్షణం కుదురుగా ఉండని నా చేతుల్లో ఎడమది చెక్క అందుకుంది, కుడిది రాయితో కుండలోకి వెళ్ళింది. మొదటి కుండ పూర్తయ్యాక, అలవాటు కొద్దీ తడిగుడ్డ అందుకున్నాను.

అత్తగారు వాచిన చేత్తోనే దాన్ని లాక్కున్నారు.

"తుడవకు. ఉండనీ."