మెత్తమొన తూటాలు మూడు

మా మామ పోయాడని కొమరోలు బస్సు కండక్టరు చెప్పాడు. నేను ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. బస్సును బడి ముందు ఆపించి, తలుపు దగ్గరికొచ్చి, "అయ్యోరా, మీ మామ తెల్లారేసరికి పోయినాడంట. బయల్దేరు" అన్నాడు. చేతిలో సుద్దముక్క చేతిలోనే ఉంది, అదే బస్సెక్కాను.

నేను పోయేసరికి అరుగు మీద ఊరివాళ్లు పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దమనిషి పక్కవాడితో అంటున్నాడు, "మనిషిని కాల్చినోడు. ఎట్లయితేనేం, మంచంలోనే పోయినాడు" అని. ఆయనకు నా మీద కోపమేమీ లేదు, మా మామ మీద కూడా లేదు. పదకొండేళ్లుగా ఊళ్లో ఆయన గుర్తు అదే. గిద్దలూరు సంతలో ఫలానా ఆయన అంటే ఎవరికీ తెలియదు, మనిషిని కాల్చినాయన అంటే దారి చూపిస్తారు.

ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ మాట కోసమే. మనిషిని కాల్చింది మా మామ కాదు. నేను. చదివేవాళ్లు నన్ను ఏమైనా అనుకోండి, సర్కారువాళ్లు ఏం చేస్తారో చేయనీ. ఆయన బతికుండగా చెప్పవలసింది, చెప్పలేదు. సిగ్గులేకుండా పదకొండేళ్లు అన్నం తిన్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. పిల్లలు లేరు. అత్త నా చిన్నప్పుడే పోయింది. నల్లమల కింద, గిద్దలూరుకు పడమటి పక్క, కొండ నీడ పడే చేను ఆయనది. కంది, జొన్న వేసేవాడు. దేశం వదిలిపెట్టి పోతున్న ఒక అడవిశాఖ దొర దగ్గర కొన్న రైఫిల్ ఒకటి ఉండేది. దానికి లైసెన్సు ఉంది, ఏడాదికొకసారి ఒక్క మగ దుప్పికి పర్మిట్ తెచ్చుకునేవాడు. అంతకుమించి ఎన్నడూ కొట్టలేదు. కొట్టిన జంతువు పక్కన కాసేపు ఊరికే కూర్చునేవాడు. బొటనవేలితో దాని కన్ను మూసిన తర్వాతనే కత్తి తీసేవాడు.

వేట నేర్పమని నేనే వెంటపడ్డాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని, మన కర్నూలే రాజధాని అయిందని మా తాలూకాలన్నీ సంబరపడుతున్న రోజులవి. నాకు ఇరవయ్యో ఏడు. మార్కాపురంలో చదువు ముగించి, పంతుళ్ల ట్రైనింగుకు అర్జీ పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. నెలరోజులపాటు మామ నా చేతికి తుపాకి ఇవ్వలేదు. తూటాలు ఎంచడమే నేర్పాడు. పొద్దున ఎండ రాగానే మంచం మీద తువ్వాలు పరిచి, తూటాలన్నీ దాని మీద పోసేవాడు. ఇత్తడికి చిలుము పట్టిందా, మొన కదులుతోందా చూడాలి. ఒక్కొక్కదాన్నీ నున్నటి పలక మీద దొర్లించాలి, వంకర ఉంటే ఊగుతుంది. నేను విసుక్కుంటే నవ్వేవాడు. పెళ్లికూతుర్ని ఎంచేటప్పుడు గూడ ఇంత తొందర పడొద్దురా అనేవాడు.

తూటాలు రెండు రకాలు. మొన దగ్గర సీసం బయటికి కనపడేది మెత్తమొన. దుప్పికి తగిలితే లోపలే విచ్చుకుని, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. జంతువు నాలుగడుగులు కూడా వేయదు. రెండోది గట్టిమొన, మొనదాకా రాగి తొడుగు. దుప్పిలోంచి సూదిలాగా దూరి అవతలికి పోతుంది, పోయి ఇంకా పోతూనే ఉంటుంది. అవి దొర ఇచ్చిన పెట్టెలో వచ్చాయి. లైసెన్సు పుస్తకంలో ఎక్కి ఉన్నాయి గనక మామ పారేయకుండా గుడ్డలో చుట్టి పెట్టె అడుగున ఉంచాడు. మన అడవిలో వీటికి పని లేదని చెప్పాడు.

"తూటా ఎంచేది దుప్పి కోసం అనుకుంటున్నావా అల్లుడూ? దుప్పి ఎనకాల ఏముందో, దాని కోసం ఎంచాల" అనేవాడు. అందుకే ఆయనకొక పద్ధతి ఉంది. గురి చూసినవాడు మీట నొక్కేముందు, పక్కనున్నవాడు "ఎనకాల ఏముంది?" అని అడగాలి. గురి చూసినవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి. పక్కనున్నవాడు తల ఊపితేనే కాల్చాలి. ఒంటరిగా వేటకు పోయినప్పుడు కూడా ఆయన తనను తాను అడుక్కునేవాడట.

ఇక నా బుద్ధి సంగతి. నాకు చదువు చెప్పి, ట్రైనింగుకు సిఫారసు రాసిచ్చిన పంతులుగారు ఒకరుండేవారు. జపానికి కూర్చోవడానికి ఒక దుప్పి చర్మం కావాలని, పెద్ద చిల్లు పడింది ఆసనానికి పనికిరాదని ఒకసారి మాటవరసకు అన్నారు. ఆయన ఆజ్ఞాపించిందేమీ లేదు. నేనే గురుదక్షిణ అని మనసులో పెట్టుకున్నాను. మెత్తమొన అవతలికి పోయిందంటే చర్మానికి గుప్పెడంత చిల్లు పడుతుంది. గట్టిమొన పోయినచోట చిటికెన వేలు కూడా పట్టదు. మామ చేనుకు పోయినప్పుడు పెట్టె అడుగు నుంచి ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

వేటకు బయల్దేరిన పొద్దున మామ మూడు మెత్తమొనలు ఏరి నా చేతిలో పెట్టాడు. ఎవరి తూటా వాళ్లే పెట్టుకోవాలనేది కూడా ఆయన పద్ధతే, అందుకని తుపాకి ఖాళీగా ఇచ్చాడు. ఆయన నీళ్లబుర్ర సర్దుకుంటుంటే నేను అటు తిరిగి జేబులోది పెట్టేశాను. వాగు దాటాక కొమ్ముల దుప్పి కనపడింది. అది మాకు ఎదురుగా, ఛాతీ చూపిస్తూ నిలబడింది. మామ గుసగుసగా "ఎనకాల ఏముంది?" అన్నాడు. "గడ్డి" అన్నాను. ఒక క్షణం ఆలోచించాడు. ఎదురుగా నిలబడ్డ దుప్పిలో మెత్తమొన ఆగిపోతుందని ఆయన లెక్క. తల ఊపాడు.

దుప్పి పడింది. ఆ వెనకే గడ్డిలోంచి మనిషి అరుపు వినపడింది.

పక్కపల్లె చర్చి దగ్గర గుడిసె అతనిది. కూలి దొరికితే కూలికి పోతాడు, దొరకని రోజున ఇళ్లు కప్పుకునే బోదగడ్డి కోసుకుపోతాడు. మేము పోయేసరికి కూర్చునే ఉన్నాడు, ఒక చేతిలో కొడవలి, ఇంకో చెయ్యి కడుపు మీద. మామ అతని చెయ్యి తీసి చూసి, తన పంచె చింపి గట్టిగా కట్టాడు. తర్వాత నా ముందు అరచెయ్యి చాపాడు. నేను మూడు మెత్తమొనలూ అందులో పోశాను. మూడు ఇచ్చాడు, మూడూ ఉన్నాయి. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఎంత బాగుండేదో.

అతన్ని చేనుదాకా మోసుకొచ్చి, అక్కడ బండి కట్టించుకుని గిద్దలూరు ఆసుపత్రికి బయల్దేరాం. దారిపొడుగునా అతని తల మామ ఒళ్లోనే ఉంది. అతను నొప్పి గురించి ఒక్కమాట అనలేదు. "మోపులు నాలుగుండాయి సామీ, మా ఆడదానికి చెప్పండి, ఎత్తుకపోతాది" అన్నాడు. ఊరి ఇళ్లు కనపడుతుండగా ప్రాణం పోయింది.

మామ బండి ఆపించాడు. నన్ను దించి, బండివాడికి వినపడనంత దూరం తీసుకుపోయి, తుపాకి నా చేతిలోంచి తీసుకున్నాడు.

"కాల్చింది నేను. నువ్వు ఈ పొద్దు అడివికే రాలేదు, చేనుకాడ బండెక్కినావు" అన్నాడు.

నేను ఏడుస్తూ కాదన్నాను.

"గడ్డి అన్నావు. తల ఊపింది నేను గదా. గడ్డి ఎనకాల ఏముందని అడగలా. నీకు ఇరవై ఏండ్లు, పోయి చదువుకో."

వద్దని ఇంకొక్కసారి అనగలిగేవాణ్ని. అనలేదు. ఏడుపుతో పాటు గుండెలో ఏదో తేలికపడింది, అది నాకు బాగా గుర్తుంది. కోర్టులో ఆయన గట్టిమొన తూటా తానే పెట్టానని, బుద్ధి లేక పెట్టానని చెప్పాడు. ఏడాదిన్నర జైలు పడింది. రైఫిల్ సర్కారు తీసుకుంది. ఆయన జైల్లో ఉండగా నేను ట్రైనింగు ముగించి పంతులునయ్యాను. పిల్లలకు అబద్ధం ఆడగూడదని పాఠం చెప్పి జీతం తీసుకున్నాను.

జైలు నుంచి వచ్చాక ఆయన అడవికి పోయేది ఒక్క గడ్డి కోసమే. రెండేళ్లకొకసారి తానే బోద కోసి, మోపులు తలమీద మోసి, ఆ మనిషి భార్య గుడిసెను తన చేతులతో కప్పేవాడు. పొలమున్న రైతు పల్లెలో గుడిసె ఎక్కి కప్పు వేయడమేందని ఊరు నవ్వింది. నేను సెలవులకు పోయినప్పుడు ఆ అరచేతుల్లో గడ్డి కోసిన గాట్లు కనపడేవి. ఒకసారి నేను నోరు తెరవబోతే, పిల్లకాయలు బాగా చదువుతా ఉండారా అని మాట మార్చాడు. నాకు అన్నం పెట్టాడు, చదువు పెట్టాడు, ఈ బతుకు పెట్టాడు. తిరిగి అడిగిందేమీ లేదు.

దినాలు అయిన మర్నాడు ఆ గుడిసెకు పోయాను. కప్పు ఒక పక్క కొత్త గడ్డితో పచ్చగా, ఇంకో పక్క పాత గడ్డితో నల్లగా ఉంది. కప్పుతూ ఉండగానే మామకు జ్వరం వచ్చిందట. నిచ్చెన ఇంకా ఆనించే ఉంది. ఆమె చేట పట్టుకుని జొన్నలు చెరుగుతోంది. నిలబడే అంతా చెప్పాను, జేబులో వేసుకున్న తూటాతో సహా. ఆమె చేట కింద పెట్టింది. తిడుతుందని, మన్నెత్తి పోస్తుందని చూశాను.

"ఎండన పడి కప్పేవోడు" అంది చివరికి. "ఒకసారి నీళ్లడిగినాడు. నేను లోపలికి పోయి తడిక వేసుకున్నా. మళ్లా ఎన్నడూ అడగలా."

చెప్పులు విడిచి, గడ్డి కట్ట ఒకటి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కబోయాను. రెండో మెట్టు మీద ఉండగా ఆమె లేచింది.

"వద్దయ్యోరా. దిగు."

దిగాను. ఆమె లోపలికి పోయి చెంబునిండా నీళ్లు తెచ్చింది. నాకేమో అనుకున్నాను. ఆమె నా పక్కనుంచి పోయి, దాన్ని నిచ్చెన మొదట్లో, నేల చదును చేసి పెట్టింది. పెట్టి, మళ్లీ చేట దగ్గర కూర్చుంది. రోడ్డు ఎక్కి వెనక్కి చూసినప్పుడు కూడా ఆ చెంబు అక్కడే ఉంది, కోళ్లు రాకుండా ఆమె చేత్తో అదిలిస్తోంది.