యాదగిరి అన్న ఆఖరి ఫైబరు

ఈ రోజు మా జెద్దా ల్యాబులో యాదగిరి అన్నకు ఆఖరి రోజు. జగిత్యాల మనిషి. ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబరును వేడినీళ్లలో గంటల తరబడి ఉంచి, తొందరపడకుండా చల్లార్చడం ఆయన పని. అలా చేస్తే తయారీలో ఫైబరు లోపల పట్టిన బిగువు సడలిపోతుంది. ఆ తర్వాత అది ఎంత చిన్న కదలికనైనా పట్టేస్తుంది.

కుటుంబసభ్యుల తలకింతని ప్రభుత్వానికి కట్టాల్సిన లెవీ మొదలయ్యాక భార్యాపిల్లల్ని ఊరికి పంపేశాడు. ఇప్పుడు ఉద్యోగాల్లో సౌదీలకు వాటా ఇవ్వాలనే నితాఖత్ వల్ల ఆయన ఉద్యోగమూ పోయింది. రేపే ఫైనల్ ఎగ్జిట్, దేశం వదిలి శాశ్వతంగా ఊరికి.

ఆయన స్థానంలోకి వచ్చిన సౌదీ ఇంజినీరు ఫైసల్ మంచివాడు. ప్రతిదీ శ్రద్ధగా రాసుకుంటున్నాడు. మధ్యాహ్నం అన్న ఆఖరి ఫైబరును ఎప్పటిలాగే రెండు వేళ్ల మధ్య పట్టుకుని పరీక్షించాడు. ఫైబరు కదలకుండా ఉంటే తెర మీద గీత తిన్నగా రావాలి. రాలేదు. సన్నగా వణుకుతోంది.

"ఫైబర్ పాడైందా?" అని ఫైసల్ ఇంగ్లీషులో అడిగాడు.

అన్న నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు: "ఫైబర్ మంచిగనే అయింది తమ్మీ. నా చెయ్యే ఆగుతలేదు."

ఏమన్నాడని ఫైసల్ నన్ను అడిగాడు. ఉన్నమాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఏసీ గాలి తగులుతోందట" అన్నాను.

అబద్ధమైనా సరిగ్గా ఆడలేని నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? మీరైతే ఏం చెప్పేవారు?

నా మాట నమ్మి ఫైసల్ వెంటనే లేచి వెళ్లి ఏసీ ఆపేసి వచ్చాడు. ముగ్గురం తెర వైపే చూస్తూ నిలబడ్డాం. గీత వణుకు ఆగలేదు.