డిక్కీలో నాలుగు ఇసుక బస్తాలు

నాకు పదేళ్లుంటాయేమో... అప్పుడు మా నాన్న అమీర్‌పేటలో ఒక బట్టల సేఠ్ దగ్గర అంబాసిడర్ నడిపేవాడు.

చీరల మూటలు నింపితే వెనక కుంగుతోందని, సేఠ్ వెనక చక్రాల మీద బరువు మోసే ఇనప కమాన్లకు మూడేసి పట్టీలు ఎక్కువ వేయించాడు. ఇక మూటలు నింపినా కారు సమంగా నిలబడేది. ఖాళీగా ఉంటే మాత్రం వెనక భాగం లేచి ఉండేది... చిన్న గుంతకే సీట్లోంచి ఎగిరిపడేవాళ్లం.

అమ్మకు పంజగుట్టలో కడుపు ఆపరేషన్ అయింది. కుట్లు కదలకూడదన్నారు డాక్టరు. బోరబండలో ఉన్న మా ఇంటికి అమ్మను తేవడానికి నాన్న సేఠ్‌ను కారు అడిగాడు. ఆ పట్టీలు తీయించి మళ్లీ వేయిస్తానని నాన్న బతిమాలాడు. "ఒక్క దినానికి గంత పనా? గట్లనే తీస్కపో" అన్నాడు సేఠ్.

నాన్న మధురానగర్‌లో ఇల్లు కడుతున్న చోట అడిగి, నాలుగు బస్తాల ఇసుక డిక్కీలో వేసుకొచ్చాడు. కారు వెనక దిగి సమంగా నిలబడింది.

"గిదేంది, కారు సుత కూసున్నది?" అంది అమ్మ.

"నీ ఒక్కదాని బరువు దానికి ఆనదు. బరువుంటేనే మెత్తగ పోతది."

నిజంగానే మెత్తగా పోయింది. అమ్మ నా భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకుంది.

దారిలో అమీర్‌పేట దుకాణం ముందు సేఠ్ చేయెత్తి ఆపాడు. డిక్కీ తెరిపించాడు.

"నా కారేమన్న ఇసుక లారీయా? దించు."

"ఇంటిదాంక పోనియ్ సేఠ్... ఆమెకు కుట్లున్నయ్. పొద్దుగాల కడిగి తెస్త."

"కారిచ్చుడే ఎక్కువ. దించమంటున్న గద!"

ఆ డిక్కీలో రోజూ అంతకు రెట్టింపు బరువు పోయేది. అవి ఆయన మూటలు.

నాన్న నాలుగు బస్తాలూ దించి రోడ్డు పక్కన పెట్టాడు. కారు వెనక మళ్లీ లేచింది. అక్కడి నుంచి అమ్మ రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరేసరికి చీర నెత్తురుతో తడిసింది. రెండు కుట్లు తెగాయి.

సేఠ్ మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు. నాన్న మీద కూడా... తెల్లారి మళ్లీ అదే కారు తుడిచాడు.

మొన్న ఎర్రమంజిల్ దగ్గర పాత కార్లు వరసగా పెట్టారు. జనం ఫొటోలు దిగుతున్నారు. ఒక అంబాసిడర్ పక్కన నిలబడ్డ కుర్రాడు మురిసిపోతూ చెప్పాడు. "ఎక్స్‌ట్రా పట్టీలుండె ఆంటీ, అన్నీ పీకిపిచ్చిన. ఇప్పుడు మస్తు మెత్తగ పోతది."

"ఎంతసేపు పట్టింది?"

"ఒక్క పూట పని."

నేను ఫొటో దిగలేదు.

ఈ గ్రూపులో పాత కార్ల ముచ్చట్లు రోజూ చదువుతూనే ఉన్నాను... ఎంత హుందా, ఎంత దర్జా అని. ఆ వెనక సీట్లో ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మీరూ రాయండి.