మా కూర్మమ్మ వదిన పడవని రోడ్డెక్కించిన రోజు

ఇదివరకు చీకటుండగానే లేచి, చద్దన్నం కేరేజీలో సర్ది, పసుపూ కుంకం గిన్నె పట్టుకుని భావనపాడు ఒడ్డుకి పోయేదాన్ని. మా ఆయన త్రినాథ్ పడవని నీళ్ళలోకి తోసేలోపు దాని ముక్కుకి బొట్టు పెట్టాలి. అది నా పని. నిరుడు ఆయన పచ్చకామెర్లతో పోయాక కేరేజీ అటకెక్కింది. పడవని ఇంటి ముందుకి లాక్కొచ్చి తాటాకులు కప్పాం. దానికి బొట్టు మాత్రం మానలేదు. ఎక్కడికీ వెళ్ళని పడవకి బొట్టెందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ పని కూడా లేదు. లేచి మొహం కడుక్కుని ఫోను పక్కన కూర్చుంటాను. భోగాపురం అవతల ముక్కాం ఒడ్డు నుంచి మా కూర్మమ్మ వదిన ఫోను చేస్తుంది. ముందు మాట్లాడదు. ఫోను తీసుకెళ్ళి పడవ మోటారు దగ్గర పెడుతుంది. డుగడుగమని ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది. తర్వాత, "ఇన్నావేటే? ఎల్లింది," అని పెట్టేస్తుంది.

మా వదిన గురించి రాయాలని చాన్నాళ్ళుగా ఉంది. ఆమె మా ఆయనకి అక్క. ముక్కాం పోతురాజు అన్నయ్యకిచ్చి చేశారు. మొదట్లో నెత్తి మీద తట్టతో ఊళ్ళు తిరిగి చేపలమ్మేది. తర్వాత ఆటోల్లో వేసుకుని విజయనగరం బజారుకి తీసుకెళ్ళేది. చేపల వాసనని ఆటోవాళ్ళు ఎక్కించుకోవడం మానేస్తే, "వాసనొస్తాదంటే నానే తోలుకుంటాను," అని హార్బరు కంట్రాక్టరు దగ్గర, గేర్లు దానికదే మార్చుకునే ఓ పాత పికప్ బండి కొంది. నేర్చుకునే రోజుల్లో వెనక్కి తోలుతూ తన వంటింటి గోడే పడగొట్టుకుంది. ఆ కన్నంలోనే కిటికీ పెట్టించేసి, "గాలాడక సస్తన్నాం, మంచిదే అయ్యింది," అంది. ఓసారి పోలీసాయన బండి ఆపి డ్రైవరేడని అడిగితే, "నీ ఎదర కూకున్నది ఏటి బాబూ, బొమ్మా?" అందట.

హుద్‌హుద్ తుపానుకి వాళ్ళ పడవ ముక్కలైపోయింది. అన్నయ్య పరాయి పడవల్లో కూలికి వెళ్ళడం మొదలెట్టాడు. వేటకెళ్తే పాట లేకుండా తెడ్డు ముట్టుకోని మనిషి, పాట మానేశాడు. ఈ ఎండాకాలం వేట నిషేధం పెట్టాక ఓ రోజు వదిన వచ్చి, తాటాకులు ఎత్తి పడవని చూసి, నా పక్కన కూలబడింది.

"తమ్ముడి పడవ ఎండిపోతన్నాదే గురమ్మా. మాకిచ్చెయ్యే."

సరే అన్నాను. అడిగే మనిషి ఆమె కాకపోతే ఇచ్చేదాన్ని కాదు.

నిషేధం రోజుల్లో పడవ నీళ్ళ మీద కనిపిస్తే పట్టుకుంటారు. రోడ్డు మీదే తీసుకెళ్ళాలి. నిషేధం అయిపోయే రోజు తెల్లారేసరికి ముక్కాంలో అన్ని పడవలతోపాటు ఇదీ దిగాలి. దారిలో ఎక్కడైనా పగిలిందా, అన్నయ్యకి మళ్ళీ కూలే. మా ఆయన వస్తువని నాకు మిగిలింది అదొక్కటే. అందుకే నేనూ బండెక్కుతానన్నాను.

వదిన టెక్కలిలో వెల్డింగు షాపువాళ్ళ ట్రైలరు అద్దెకి తెచ్చింది. ముందురోజు వాన పడి వాకిలి బురద బురదగా ఉంది. వీధివీధంతా వచ్చి పడవని ఎత్తుతుంటే మా అత్త జగ్గమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఆగండ్రా! పడవ ఊరు ఒదిలి ఎల్లీటప్పుడు సముద్రానికి ఈపు సూపించకూడదు. ముక్కు ఎనక్కి పెట్టండి."

మా ఇంటి పద్ధతి అదే. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళేటప్పుడు కూడా వీధి మలుపు దాకా సముద్రం వైపు తిరిగే వెనక్కి నడుస్తుంది. వదిన కూడా అలాగే వెళ్ళింది, మధ్యలో గోతిలో పడింది కూడా. కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. పడవ ముక్కు వెనక్కి, సముద్రం వైపు పెట్టి ఎక్కించారు. మోటారు విప్పి బండిలో పెట్టారు. వలలూ లంగరూ ఎప్పటిలాగే ముక్కు దగ్గరి అరలో వేశారు.

వదిన నన్ను ముందు పక్కన కూర్చోబెట్టుకుని, స్టీరింగు కింద ఓ బటను చూపించింది. దాని మీద బండి బొమ్మ, బండి వెనక ఇంకో చిన్న బండి బొమ్మ.

"ఎనక బరువు లాగీటప్పుడు ఇది నొక్కమని కంట్రాక్టరు సెప్పేడు. బండి తొందరపడి గేరు మార్సదంట. ఎత్తు ఎక్కినా బలం సాల్తాదంట, దిగీటప్పుడు దానికదే బిగబడతాదంట. సేపలకి ఇదెందుకని ఇన్నాళ్ళూ ముట్టుకోనేదు. ఇయ్యాల దీనికి పెళ్ళి."

నొక్కింది. పచ్చ దీపం వెలిగింది.

బండి కదిలింది గానీ ఇంజను ఒకటే అరుపు. వదినతోపాటే వచ్చి, వెనక తొట్టిలో మోటారు పట్టుకుని కూర్చున్న అన్నయ్య పైకప్పు మీద దబదబా బాదాడు.

"ఒసే, గేరు మార్సవే! ఇంజను సచ్చిపోతాది!"

"అదే మార్సుకుంటాది మావా, నువ్వు కూకో!"

"ఆ బటను తీసీ! మా తాత గురకలాగున్నాది!"

"మీ తాత గురకతోనే ఊరు కాపలా కాసేడు. కూకో!"

టెక్కలి దాటి పెద్ద రోడ్డెక్కాం. తాటాకులు కప్పిన పడవని చూడ్డానికి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. శ్రీకాకుళం దాటాక టీ బడ్డీ దగ్గర ఆపితే, బడ్డీ అతను చూసి, "ఏటమ్మా, భోగాపురంలో విమానాలు దిగుతాయంటన్నారు, మొదటి విమానం మీదేనా?" అన్నాడు. "అవును బాబూ, రెక్కలు ఎనకమాల లారీలో వస్తన్నాయి," అంది వదిన. టీ పొలమారి నా ముక్కులోకి పోయింది.

అక్కణ్ణుంచి రోడ్డు బాగుంది. వదిన కొంచెం వేగం పెంచింది. అప్పుడు మొదలైంది. వెనక ట్రైలరు ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగడం. మెల్లగా మొదలై, కుక్క తోకలాగా అయిపోయింది. బండి తోక కూడా దాంతోపాటు ఊగుతోంది. అన్నయ్య "లచ్చమ్మో, గంగమ్మో!" అని కేకలు. నేను కళ్ళు మూసుకున్నాను. వదిన ఒక్కసారిగా బ్రేకు తొక్కలేదు. కాలు తీసేసి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, మెల్లమెల్లగా పక్కకి ఆపింది.

దిగి బటను వైపు వేలు చూపించి తిట్టింది. "నిన్ను నొక్కినాను గదే! దీపం ఎలిగినావు గదే! మరేటీ ఆటలు?"

"నాను ముందే సెప్పేను, తీసీమని," అన్నాడు అన్నయ్య.

నేను ట్రైలరు చుట్టూ తిరిగాను. పడవకి బీట లేదు. ముక్కు మీద పొద్దున్న పెట్టిన బొట్టు అలాగే ఉంది. ఆ ముక్కు వెనక గాల్లోకి వేలాడుతోంది, దాని అరలోనే ఉన్నాయి వలలూ లంగరూ. రోజూ పడవ సర్దేటప్పుడు మా ఆయన గొణిగే మాట గుర్తొచ్చింది: ఓ చివరే బరువైపోతే రెండో చివర మాట వినదని. నీళ్ళ మీద ముక్కు ముందుంటుంది, వెనక మోటారుకి సాటిగా దానికి కాస్త బరువు కావాలని ఆయన అలా అనేవాడు. ఇక్కడ ముక్కు తోకైపోయింది. బరువంతా చక్రాలకి వెనకపడి, బండికి తగిలించిన చివర తేలిపోయింది.

"వదినా, బటను తప్పు కాదు. వలలు బండి వైపు మార్చాలి," అన్నాను.

వదిన నన్నూ పడవనీ మార్చి మార్చి చూసింది. "మరి పడవని తిప్పేద్దామా?"

"తిప్పొద్దు. అత్తకి మాటిచ్చాం. వలలే మారుద్దాం."

ముగ్గురం వలలు మోశాం. ఎండ మాడుస్తోంది. తడి ఉప్పు వాసన చీరకి పట్టింది. అన్నయ్య లంగరు ఎత్తుతూ, "పడవకి ముక్కేదో తోకేదో తెలీకుండా సేసింది మా అత్త," అంటే వదిన, "మా అమ్మని అంటే మిగిలిన దారి నువ్వు లాగాలి," అంది. అన్నీ గట్టిగా కట్టి మళ్ళీ బయల్దేరాం.

ఊగలేదు. వదిన కొంచెం కొంచెంగా వేగం పెంచి చూసింది. మా వెనకే, మర్యాదగా, గీత గీసినట్టు వచ్చింది పడవ. రణస్థలం దగ్గర రోడ్డు ఎత్తెక్కింది. ఇంజను అరిచింది గానీ ఎక్కడా ఆగలేదు. దిగేటప్పుడు పడవ వెనక నుంచి తోస్తుంటే, వదిన బ్రేకు మీద కాలు పెట్టకుండానే బండి తనకి తనే బిగబట్టుకుని నెమ్మదిగా దిగింది. పైకప్పు మీద మళ్ళీ చప్పుడు.

"ఒసే కూర్మీ! ఆ బటను తీకే! అలాగే ఉంచు!"

వదిన అద్దంలో మొగుణ్ణి చూసుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

పొద్దు వాలకుండానే ముక్కాం చేరాం. తెల్లారి ఒడ్డంతా జనం, కొబ్బరికాయలు, అగరొత్తుల పొగ. మోటారు బిగించి, పడవని నీళ్ళ అంచుకి చేర్చాక వదిన పసుపూ కుంకం గిన్నె నా చేతిలో పెట్టింది. పక్కనున్న నారాయణమ్మ చిన్నగా, "ముత్తయిదువ ఎవర్తినైనా పెట్టమనొచ్చు గదే," అంది.

"ఆ పడవకి ఆ సెయ్యే అలవాటు," అంది వదిన. "కొత్త సెయ్యెడితే ఊగుతాది. రోడ్డు మీద సూసేను."

నేను బొట్టు పెట్టాను. అన్నయ్య ఎక్కి తాడు లాగాడు. మోటారు పలికింది. మొదటి అల దాటుతూనే పాటెత్తుకున్నాడు. గొంతు బొంగురుపోయి రాగం ఎక్కడికో పోయింది. ఒడ్డు మీద అందరూ నవ్వారు, వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ట్రైలరు తిరిగి ఇవ్వడానికి వస్తూ నన్ను దింపింది. బయల్దేరేటప్పుడు మళ్ళీ ఆ బటను నొక్కింది.

"ట్రైలరు ఖాళీయే కదా వదినా?"

"నువ్వెక్కేవు గదే."

టెక్కలి దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఇంటి ముందు వాకిట్లో ఆ రోజు వాన బురదలో దిగిన ట్రైలరు చక్రాల గాళ్ళు ఎండి గట్టిపడ్డాయి. పార తెచ్చి చదును చెయ్యాలి, పేడనీళ్ళు చల్లాలి. రోజూ వాకిలి ఊడ్చి, ఆ రెండు గాళ్ళ దగ్గరికొచ్చేసరికి చీపురు పక్కన పెట్టేస్తున్నాను.

ఈ పొద్దున్న ఫోను వచ్చి వెళ్ళాక అత్త అరుగు మీద నుంచి అంది.

"ఆ గోతులు పూడ్సవేటే? కాలెట్టి పడతాను."

"పూడ్చను అత్తా."

అత్త కర్ర తీసుకుని దిగి, ఆ గాళ్ళు తొక్కకుండా చుట్టూ తిరిగి, సముద్రం వైపు వెళ్ళింది.