అత్త కారులో గాలి

పోయిన వారం మా మేనత్త కన్నుమూసింది. సరిగ్గా ఎండలు ముదిరే వేళకి వెళ్లిపోవడమేమిటో! వేసవిలోనే కదా ఆవిడ హడావిడంతా.

మీలో వన్ టౌన్ వైపు తిరిగేవాళ్లు చూసే ఉంటారు. రెండే సీట్లున్న పాతకాలపు ఎర్ర స్పోర్ట్స్ కారు, పక్కన చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకున్న పెద్దావిడ. మావయ్య ముచ్చటపడి కొన్న కారది. ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారు. అత్త డ్రైవింగ్ నేర్చుకుంది.

ఏసీ పెట్టిద్దామంటే మండిపడేది. "ముసిలి ఇంజినది, దాని నెత్తినింకో బరువేటే?" అనేది. సీట్ల మీద తెల్ల పంచె పరిచి, వెనకాల తడిపిన వట్టివేళ్ల సంచి పెట్టేది. అసలు తంతు ఎక్కే ముందు ఉండేది. అవతలి అద్దం దించి, ఇవతలి తలుపు పట్టుకుని తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం, మళ్లీ మూయడం. లోపలి వేడంతా ఆ కిటికీలోంచి పోవాలన్నమాట.

పక్కింటి ఆటో అతను ఊరుకుంటాడా? "ఏటి పిన్నీ, కారుకి ఇసనకర్ర ఇసురుతన్నావా?"

"నీకు ఉక్కపోత్తే సొక్కా ఇప్పుతావు. అదేటి సేత్తాదిరా పాపం?"

ఒక మధ్యాహ్నం మా ఆయనతో పోట్లాడి, ద్వారకా నగర్ నుంచి విసురుగా అత్త దగ్గరికి వచ్చేశాను. ఏమిటని అడగలేదు. తాళం నా చేతిలో పెట్టి, "యారాడ బీచికెల్దాం పద. ముందా తలుపు ఇసురు" అంది. చేతులు నొప్పెట్టేదాకా విసిరాను. "సాల్లే. లోపల ఇంత ఏడి ఎట్టుకుని ఎక్కడికీ ఎల్లకూడదే" అంది. కొండ మీద మలుపు తిరిగి సముద్రం కనబడగానే నాకు ఏడుపు ఆగలేదు. స్టీరింగు పట్టుకున్న ఆవిడ మాత్రం రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "వచ్చేటప్పుడు సేపలు కొందారి. మీ ఆయనకిట్టం కదా" అంది. నవ్వొచ్చింది నాకు.

కారు తాళం నిన్న నా చేతికి వచ్చింది. వారం రోజులుగా వీధిలో ఎండకి మూసి ఉన్న కారు. తలుపు తీయగానే సెగ కొట్టింది. ఆ సెగలో వట్టివేళ్లు, ఆవిడ పౌడరు, తమలపాకు. అత్త వాసన. అలవాటుగా అవతలి అద్దం దించబోయి ఆగిపోయాను. తలుపు విసిరితే పోయేది వేడొక్కటే కాదు. నాకు అత్త కావాలి, అంతే.

"ఇసరక్కా, లోపల కుంపటిలాగుంటాది" అన్నాడు ఆటో అతను.

"ఉండనీ తమ్ముడూ" అని లోపల కూర్చుని తలుపు మూసుకున్నాను. చెమట ధారలు కట్టింది. అద్దం దించలేదు.